ఫొటోలో తెల్ల చార

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఇది ఇవాళ్టి జబ్బు కాదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న వయసులోనే మా మేనమామ నన్ను చూసి, "వీడి కాళ్లకి మగ్గం చాలదు, రోడ్డు కావాలి" అని నవ్వేవాడు. మా నాన్న పోయాక అమ్మనూ నన్నూ తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నది ఆయనే. నాకు నేత నేర్పబోయి, నా వాలకం చూసి మానుకుని, బెజవాడ పంపి చదివించిందీ ఆయనే. ఆ ఋణం ఎలా తీర్చుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా ఆఫీసుకు ఒక రేకు ట్రంకు పెట్టె వచ్చింది. అప్పటికి నేను బెజవాడలో కాలవల పనులు చూసే ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. యుద్ధం రోజుల్లో మనుషులు దొరక్క తీసుకున్న టెంపరరీ ఉద్యోగం. యుద్ధం అయిపోయింది కాబట్టి మమ్మల్ని ఎప్పుడు పొమ్మంటారో తెలియదు. రోజూ టపా వేళకు పెన్నులు ఆపి తలుపు వైపు చూసేవాళ్లం. ఆ రోజు టపాకు బదులు పెట్టె వచ్చింది. తెరిస్తే నిండా ఫొటోలు. మిలిటరీ విమానాల్లోంచి కృష్ణ రెండు గట్ల వెంట నేల కనిపించేట్టు తీసినవి. ఒక్కొక్కటి పిల్లలు రాసుకునే పలకంత ఉంది. మూలన అంకెలు ఉన్నాయి గానీ ఊరి పేరంటూ ఏమీ లేదు.

పెట్టె వెనకే మద్రాసు నుంచి ఒకాయన దిగాడు. భూగర్భ శాస్త్రం చదివిన తెలుగాయన. నెమ్మదస్తుడు, అన్నం కూడా మెతుకు మెతుకు చూసుకుని తినేవాడు. మా ఇంజనీరుగారు కట్టబోయే ఒక తూముకు ఈ ఫొటోలు చూసి చోటు చెప్పడం ఆయన పని.

ఆ తూము సంగతి కొంచెం చెప్పాలి. ఉయ్యూరు దాటి దిగువకు వెళితే పొలాల్లో వాననీళ్లు రోజుల తరబడి నిలిచిపోయేవి. ఏట్లోకి వదులుదామంటే కరకట్ట అడ్డం. కట్టను ఒకచోట తెగ్గొట్టి, తలుపులున్న తూము కట్టాలి. ఏరు తగ్గినప్పుడు తలుపులెత్తి పొలాల నీళ్లు వదలాలి, ఏరు పొంగితే దించెయ్యాలి. అయితే తూము కింద నేల గట్టిది కాకపోతే వరదలో నీళ్లు అడుగు నుంచి ఊరతాయి. కింద ఇసుక ఉంటే దాన్ని కొంచెం కొంచెంగా లాక్కుపోయి, చివరికి తూమునూ కట్టనూ కలిపి తీసుకుపోతాయి. కట్ట వెనక ఊళ్లున్నాయి. వాటిలో మొదటిది మా మామయ్య ఊరు.

మద్రాసు ఆయన ముందుగా ఆఫీసులో అందరి కళ్లూ పరీక్షించాడు. సన్నటి ఇనప కాళ్ల మీద రెండు అద్దాలు బిగించిన పరికరం ఒకటి తెచ్చాడు, స్టీరియోస్కోపు. దాని కింద ఒకే చోటును కాస్త ఎడంగా రెండుసార్లు తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. మా హెడ్ గుమాస్తాకు తలనొప్పి వచ్చింది. మిగతావాళ్లకు రెండు బొమ్మలు రెండుగానే ఉండిపోయాయి. నాకు మాత్రం కళ్లు ఒక్క క్షణం లాగి, నేల ఉన్నట్టుండి లేచి నిలబడింది. తాటిచెట్ల తలలు నా మొహం మీదికి వచ్చాయి. ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నాను.

ఆయన నవ్వాడు. "మీవాళ్లు ఏం చేస్తుంటారయ్యా?"

"నేత అండీ."

"అదీ సంగతి. పోగులు ఏరిన కళ్లు. నువ్వు నా దగ్గరే ఉండు."

అలా నాకు ఆ బల్ల దక్కింది. ఆయన నేర్పింది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. తెల్లగా కనిపించేది పొడి ఇసుక, నల్లగా కనిపించేది తడి నేలో పచ్చని పైరో. వంకర గీత ఏరు గీసింది, తిన్నటి గీత మనిషి గీసింది. ఇక మూడోది, ఫొటోలో నీడలు ఎప్పుడూ చూసేవాడి వైపు పడాలి. అలా పెట్టుకోకపోతే కళ్లు మోసపోయి గుంట గుట్టలాగా, గుట్ట గుంటలాగా కనిపిస్తుంది. అందుకని ఫొటోలు తలకిందులు చేసి పెట్టుకునేవాళ్లం. ఉత్తరం నా పొట్ట వైపు, దక్షిణం పైన. మ్యాపులో కింద పారే కృష్ణ నా బల్ల మీద పైన పారేది.

ఆ రెండు నెలలూ నా అంత సంతోషంగా ఉన్నవాడు బెజవాడలో ఇంకొకడు లేడనుకుంటాను. కాళ్లు బల్ల కింద ఆడుతూనే ఉండేవి గానీ కళ్లకు ఇంత తిరుగుడు ఎప్పుడూ దొరకలేదు. ఒక పూటలో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ గొట్టం నీడ దగ్గర బయలుదేరి లంకల దాకా పోయి వచ్చేవాణ్ణి. ఏరు ఎక్కడెక్కడ పారి, విసిగి, వదిలేసి పోయిందో పొలాల అడుగున మరకల్లాగా కనిపించేది. గట్ల మీద పదిసార్లు నడిచిన నేలే, కానీ ఏమీ చూడకుండా నడిచానని తెలిసేది. కొంచెం తల కూడా తిరిగింది. క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ, నేల లోపల ఏముందో నాకు తెలుసన్నట్టు మాట్లాడేవాణ్ణి.

తూముకు రెండు చోట్లు అనుకున్నారు. మొదటిది ఒక ఊరి పక్కన, రెండోది అక్కడికి దిగువన అరమైలు దూరంలో, పొలాల మధ్య. నీటి వాటం కుదిరేవి ఆ రెండే. మొదటి చోటు ఉన్న ఫొటోల జత చూడగానే నాకు ఒక చార కంటబడింది. ఊరి ఇళ్లకు అవతల, కట్టకు కాస్త లోపలగా, తెల్లగా, సన్నగా, కొడవలిలాగా వంగి ఉంది. దానికి రెండు వైపులా చెట్లు వరసగా ఉన్నాయి. అద్దాల్లో చూస్తే ఆ చెట్ల వరసలు పాత ఏటి గట్లలాగే లేచి కనిపించాయి. తెలుపు, వంకర, రెండు గట్లు. ఇంక సందేహం దేనికి? ఎప్పుడో కృష్ణలోంచి చీలిన పాయ అది, అడుగంతా ఇసుకే. మైనపు పెన్సిలు తీసి దాని చుట్టూ ఎర్రగా గీత గీశాను.

రెండో చోటు ఫొటోలో అంత స్పష్టమైనది ఏమీ లేదు. కోత అయిన చేలల్లో ఒకచోట వెడల్పుగా నల్లని పట్టె ఉంది. వరి కోశాక ఎదిగిన మినుము అక్కడ బాగా పచ్చగా ఉన్నట్టుంది అనుకుని వదిలేశాను.

మద్రాసు ఆయన నా గీత మీద తల వంచి చాలాసేపు చూశాడు. "బాగా పట్టావయ్యా" అన్నాడు. మొదటి చోటు పనికిరాదు, రెండోది మేలు అని నివేదిక రాసి, చివర్లో నేలకు బెజ్జం వేసే బర్మా దించి మట్టి పరీక్షించాకే పని మొదలుపెట్టాలని ఒక వాక్యం చేర్చి, మద్రాసు వెళ్లిపోయాడు. ఆ మట్టి బర్మా అప్పుడు మైలవరం వైపు రాతినేలలో ఇరుక్కుపోయి ఉంది. వేసవి దాటితే కట్ట తెగ్గొట్టే వీలుండదు. పునాది తవ్వితే ఎలాగూ తెలుస్తుంది కదా అని ఇంజనీరుగారు రెండో చోటే ఖాయం చేశారు.

మొదటి చోటు పక్కనున్న ఆ ఊరు మా మామయ్య ఊరేనని నాకు తెలియదా అని మీరు అడుగుతారు. తెలుసు. ఆ ఫొటోలో మా ఇంటి కప్పు ఎక్కడో ఉందని తెలుసు. కానీ వెతకలేదు. బెజవాడలో ప్యాంటు తొడుక్కుని తిరుగుతున్నవాణ్ణి, నేతవాళ్ల పేటలో మా పూరికప్పును ఎవరైనా చూసి ఇదేనా అంటే చిన్నతనంగా ఉండేది. పైగా ఊరంతా తలకిందులుగా ఉందాయె. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

శివరాత్రి వెళ్లిన వారానికి, రెండో చోట తూము కొలతలకు మేకులు పాతే మనుషులతో పాటు నన్నూ పంపారు. ఉండేది మామయ్య ఇంట్లోనే. నేను వెళ్లేసరికి పేటంతా నా కోసం ఎదురుచూస్తోంది! తూము మొదట తమ ఊరి దగ్గరే వస్తుందని విని నేతవాళ్లంతా బెంగపెట్టుకున్నారట. వీళ్లు పడుగులు చాచే నేల సరిగ్గా అక్కడే ఉంది. తరవాత చోటు మారిందని, మార్పించింది నేనేనని ఎవరో చెప్పారట.

మామయ్య గుమ్మంలోనే నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "నువ్వు ఆఫీసులో ఉండబట్టి గట్టెక్కాంరా అబ్బాయ్. లేకపోతే ఆ చెట్లు కొట్టేసి, నేల తవ్వేసి మమ్మల్ని రోడ్డున పడేసేవోళ్లు."

నేను అలాంటిదేమీ చెయ్యలేదని చెబుదామనుకున్నాను. ఇసుక ఉంది కాబట్టి మార్చారు, నాదేం లేదు అని. కానీ మా అత్తయ్య అప్పటికే ఒక పంచె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఎర్రంచు పంచె, మామయ్య నేసింది. ఆ మెత్తదనం చేతికి తగలగానే నోరు మూతపడింది. పొగడ్త అంటే నాకు మొదటి నుంచీ చేదు కాదు.

మర్నాడు తెల్లవారుతుండగానే మామయ్య లేపాడు. "రారా, ఓ మనిషి తక్కువయ్యాడు. కుంచె పట్టుకో."

నేత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నిలువు పోగులను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును ఆరుబయట బారుగా చాచి, కింద కర్రలు ఆనించి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వాలి. ఎండ ఎక్కితే గంజి ముద్దలు కడుతుంది, గాలి వీస్తే పోగులు చిక్కుపడతాయి. అందుకని తెల్లారకముందు మొదలుపెట్టి, ఎండ ముదరకుండా చుట్టేసుకుని పోతారు. చెట్ల నీడ, గాలి మరుగు, రాళ్లు లేని చదును నేల కావాలి. మా పేటకు అలాంటి నేల చింతచెట్ల రెండు వరసల మధ్య ఉండేది. మామయ్య తాత నాటిన చెట్లు. నేల మాత్రం సర్కారు పోరంబోకు, ఎవరి దగ్గరా కాయితం లేదు.

ఒకవైపు మామయ్య, ఒకవైపు నేను కుంచె పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాం. మా పడుగు చివర పక్కింటివాళ్ల పడుగు, దాని చివర ఇంకొకరిది. పది ఇళ్ల పడుగులు ఆ చెట్ల వెంట బారులు తీరి ఉన్నాయి. ప్రతి పడుగూ తాడు లాగినట్టు తిన్నగా ఉంది. కానీ నాలుగో ఇంటివాళ్ల పడుగు చివర నాకు కనిపించడం లేదు. చెట్లు అడ్డం వస్తున్నాయి.

"అటు చివర కనపడదేం మావయ్యా?"

"వరస ఒంగింది కదరా. నీ చిన్నప్పటి నుంచీ అంతేగా. ఒకరి పడుగు చివర ఇంకొకరు మొదలెడతారు, మెల్లిగా తిరుగుద్ది."

కుంచె నా చేతిలో ఆగిపోయింది. కాళ్ల కింద చూశాను. గడ్డి పరక మొలవని నేల. మూడు తరాల గంజి కారి, మూడు తరాల కాళ్లు తొక్కి, సిమెంటులాగా గట్టిపడి, తెల్లగా ఉంది.

పడుగు అయీ అవకుండానే నేను కరకట్ట ఎక్కాను. మామయ్య వెనక నుంచి కేకేస్తున్నాడు. కట్ట మీద నిలబడి వెనక్కి తిరిగి చూశాను. అప్పటికి చాలామంది పడుగులు చుట్టేసుకుని వెళ్లిపోతున్నారు. రెండు చెట్ల వరసల మధ్య, తెల్లగా, సన్నగా, కొడవలిలాగా. నా ఎర్ర గీత లోపల ఉన్నది ఇదే. పాత పాయ కాదు, ఇసుక కాదు, చిన్నప్పుడు నేను దెబ్బలు తిని, గోళీలాడి, గంజి కుండ ఒలకబోసిన చోటు. విమానం పదింటికి వచ్చి ఉంటుంది, నీడలను బట్టి అంతే. అప్పటికి అక్కడ పోగు కూడా ఉండదు.

మేకులు పాతడం ముగించుకుని బెజవాడ వచ్చాను. వచ్చిన గంటలో ట్రంకు పెట్టె తెరిచి రెండో చోటు ఫొటోలు అద్దాల కింద పెట్టాను. మినుము పచ్చగా ఉందని నేను వదిలేసిన నల్ల పట్టె. ఈసారి పొలాల గట్లు చూడకుండా పట్టె ఒక్కదాన్నే వెంబడించాను. అది చేల హద్దులను లెక్కచెయ్యకుండా వంకర తిరుగుతూ వచ్చి, కరకట్ట కిందికి దూరి, అవతల మళ్లీ పైకి తేలి ఏట్లో కలిసింది. ఏ రైతూ అలా మినుము చల్లడు. అసలు పాయ ఇది. పైన బురద నిండి తడి ఆరక పైరు పచ్చగా ఉంది, అడుగున ఇసుక ఉంటుంది. సరిగ్గా దాని నడుమ నేనే నిలబడి మేకులు పాతించి వచ్చాను.

కట్ట తెగ్గొట్టే పని పదిహేను రోజుల్లో మొదలవుతుంది.

ఆ తరవాత నేను పడ్డ అవస్థ ఏమని చెప్పను. నోరు విప్పితే తూము మళ్లీ చింతల దగ్గరికే వస్తుంది, మామయ్య నేల పోతుంది. విప్పకపోతే పునాదిలో ఇసుక ఊట లేవవచ్చు, వానలకు ముందు కట్ట పూడ్చలేకపోవచ్చు, ఏటికి వరద వస్తే మొట్టమొదట మునిగేది ఆ పేటే. ఉద్యోగం మాట కూడా గుర్తుకు రాలేదని అంటే అబద్ధం. తప్పు చేసిన టెంపరరీ మనిషిని తీసెయ్యడానికి ఇంకేం కావాలి. ఆఫీసులో బల్ల దగ్గర నిలబడలేను, కూర్చోలేను. సాయంత్రం కాగానే కాలవ గట్టు వెంట వంతెన నుంచి వంతెనకు నడిచేవాణ్ణి. స్టేషను ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే ఎవరిని దించడానికొచ్చావని ఒక పోర్టరు రెండుసార్లు అడిగాడు. బహుశా పాయ లోతుగా ఉండదేమో, పునాది నిలుస్తుందేమో అని రోజుకొక వంక వెతికేవాణ్ణి. పెట్టె అడుగున దాచిన ఎర్రంచు పంచె మీద చెయ్యి పడితే చురుక్కుమనేది.

తొమ్మిదో రోజు ఇంజనీరుగారే పిలిచారు. ఆయన కేకలేసే మనిషి, కానీ పనిలో మాయ చేసేవాడు కాదు.

"ఏమయ్యా, వారం నుంచి చూస్తున్నాను. నువ్వలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండి."

"మరేంటి?"

"సార్, ఆ తెల్ల చార ఇసుక కాదండి" అన్నాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. గంజి, చింతచెట్లు, పది పడుగులు, మినుము, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. రెండు ఫొటోలూ ఆయన బల్ల మీద పెట్టి చూపించాను.

ఆయన బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచారు. "నువ్వు నేతవాడివే కదయ్యా! అది పడుగులు చేసే నేలని నీకు తెలియకపోతే మద్రాసు ఆయనకు తెలుస్తుందా?"



మైలవరం నుంచి బర్మాను లారీలో తెప్పించారు. రెండో చోట మొదట నల్లమట్టి వచ్చింది. రెండు నిలువుల లోతుకు దిగేసరికి బర్మా ఒక్కసారి తేలికైపోయి, పైకి లాగితే తడి ఇసుక జారిపోతూ వచ్చింది. గుంటలో నీళ్లు బుడబుడలాడుతూ పైకి లేచాయి. ఇంజనీరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చింతల దగ్గర ఇద్దరు మనుషులు వేలాడినా బర్మా దిగనన్నది. చివరికి ఎలాగో దించాక, ఎంత లోతుకు పోయినా గట్టి నల్లరేగడే.

ఆ రోజు పేటవాళ్లంతా దూరంగా నిలబడి చూస్తున్నారు. మామయ్య నా మొహంలోకి చూశాడు. నేను బర్మా వైపు చూశాను.

తిరిగి వస్తూ దారిలో ఇంజనీరుగారిని అడిగాను. "మూడో చోటేదైనా చూడొచ్చేమో కదండీ?"

"నీటి వాటం నువ్వే గీశావు కదా. ఉందా?"

"లేదండి."

"మరి." ఆయనే మళ్లీ అన్నారు. "నువ్వు చెప్పకపోతే వానల్లో ఊరు పోయేదయ్యా. నీ ఉద్యోగానికేం భయం లేదు, నేను చూసుకుంటాను."

అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. తప్పు నాది, నాకేమీ పోలేదు. పోయింది మామయ్యది.

ఆ ఆదివారం ఫొటోలూ స్టీరియోస్కోపూ అడిగి తీసుకుని ఊరికి వెళ్లాను. చెట్లు కొడతారన్న కబురు నేనే చెప్పాలని. మామయ్య అరుగు మీద కూర్చుని మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టుకుని చూసుకుంటున్నాడు. అంతా విన్నాడు. కేకలేస్తాడనుకున్నాను, వెయ్యలేదు.

"అంటే మొదట మా నేల మిగిలింది, నువ్వు పొరపాటు పడబట్టేనా?"

"అవును మావయ్యా."

"ఇప్పుడు పోతోంది, నువ్వు నిజం చెప్పబట్టి."

అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. మామయ్య నాడె పక్కన పెట్టి, "ఏదీ, నాకూ చూపించు" అన్నాడు.

అరుగు మీద ఫొటోలు పరిచి అద్దాలు అమర్చాను. ఆయనవీ పోగులు ఏరిన కళ్లే, ఒక్క క్షణంలో పట్టేశాడు. ఒళ్లు జలదరించినట్టు కదిలి, అద్దాల మీద ఇంకా వంగాడు. ఎంతసేపటికీ తల ఎత్తడే.

"ఫొటోలో చెట్లు బాగా పడ్డాయిరా. మా తాత నాటినవి." మళ్లీ కాసేపటికి, "మేవెక్కడ?" అన్నాడు.

"పదింటికి తీసిన ఫొటో అది. అప్పటికి మీరు పడుగులు చుట్టుకుని పోయి ఉంటారు."

"ఓహో." తలెత్తి నన్ను చూశాడు. "ఇంకో మూడు గంటలు ముందొచ్చుంటే కనపడేవోళ్లం."

చైత్రంలో చింతలు కొట్టారు. వేసవంతా తూము కట్టారు. నేను ప్లాన్లు గీస్తూ ప్రతి వారం వెళ్లి వచ్చేవాణ్ణి, మామయ్య ఇంట్లో మాత్రం రాత్రి ఉండేవాణ్ణి కాదు. పేటవాళ్లు పడుగులను కరకట్ట మీదికి తెచ్చుకున్నారు. వాళ్లకు దొరికిన పొడవైన నేల అదొక్కటే. ఏటి మీంచి గాలి కొడుతుంటే పోగులు లేచి ఒకదానికొకటి చుట్టుకునేవి, బళ్లు పోతే దుమ్ము లేచి గంజి మీద పడేది. మామయ్య గాలిని తిడుతూ, ఆకాశాన్ని తిడుతూ తెగిన పోగులు ముడేసుకునేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రెండు ఇళ్లవాళ్లు మగ్గాలు విప్పి ఉయ్యూరు వైపు చెరుకు పనికి పోయారు. వాళ్ల గుమ్మాల ముందు నుంచి నడవాల్సి వచ్చినప్పుడు నా అడుగులు వాటంతట అవే తొందరపడేవి.

శ్రావణంలో వరద వచ్చింది. తూము తలుపులు దించారని, ఏరు కట్ట అంచుకు మూరెడు దూరంలో ఉందని కబురొస్తే ఇంజనీరుగారితో పాటు నేనూ వెళ్లాను. వాన సన్నగా పడుతోంది. కట్ట మీద పేట జనమంతా ఉన్నారు, పసిపిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లతో సహా. ఒకవైపు ఎర్రగా సుడులు తిరుగుతున్న ఏరు, రెండోవైపు మనిషికి రెండు నిలువులు కింద ఇళ్ల కప్పులు. తూము పక్కన పొలం వైపు దిగి ఊట ఏమైనా ఉందేమోనని నేను నేలంతా వెతుకుతున్నాను. వాన తడి తప్ప ఇంకేమీ లేదు. అయినా నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ తిరుగుతున్నాను. ఎన్నిసార్లు కట్ట ఎక్కి దిగానో లెక్క లేదు.

మామయ్య తూము మీద నిలబడి నన్నే చూస్తున్నాడు. తల మీద గోనె కప్పుకున్నాడు.

"ఒరే, ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు? ఇటు రా."

వెళ్లి పక్కన నిలబడ్డాను. కింద ఏరు తలుపులకు కొట్టుకుంటుంటే ఆ అదురు అరికాళ్లకు తెలుస్తోంది. ఆయన ఏటి వైపు చూడలేదు. వంగి తూము పక్క నేల వైపు, ఒకప్పుడు తన పడుగు మొదలయ్యే చోటు వైపు చూశాడు.

"ఇది కదలదురా. మూడు తరాలు తొక్కాం" అన్నాడు.

నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ పూట వాన వెలిసేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.